మొదటి వరస ఖాళీ

ఆ నీళ్ళ ల్యాబులో టైపక్క అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు చెప్పమంటే మాత్రం ఆఫీసు గుమస్తా కూడా రిజిస్టరు తిరగేయాల్సిందే. చేరిన కొత్తలో టైపు మిషను మీద రిపోర్టులు కొట్టేది. మిషను అటకెక్కింది, కంప్యూటరు వచ్చింది, అది కూడా మూడుసార్లు మారింది. ఆవిడ మాత్రం టైపక్కగానే ఉండిపోయింది.

సోమవారం పదిన్నరకు ఆఫీసరు గదిలోంచి పిలుపు వచ్చేసరికి ఆవిడ ట్రేలో ఏడో సీసా దగ్గరుంది. చేతిలో పట్టుకున్న సీసాను సగంలో వదిలి లేవడం ఆవిడకు చేతకాదు. మూత తీసి, గాజు గొట్టంలో గీత వరకు నీళ్ళు పోసి, మందు మూడు చుక్కలు వేసి, రంగు తేరేదాకా ఆగి, మీటర్లో పెట్టింది. వచ్చిన అంకెను ముందు రిజిస్టర్లో రాసి, తర్వాత కంప్యూటర్లో కొట్టి, గొట్టం కడిగి బోర్లించింది. ఈలోగా ఆఫీసరు రెండోసారి కబురు పెట్టాడు.

ఆఫీసరు ఆవిడకంటే పదేళ్ళు చిన్నవాడు. చెడ్డవాడేం కాదు గానీ, పై ఆఫీసు నుంచి ఫోనొస్తే కాళ్ళూ చేతులూ ఆడని మనిషి. ఆ పొద్దున అలాంటి ఫోన్లు మూడు వచ్చాయి.

"మేడమ్, గత నెలలో మీ ట్రేలు పదకొండు అంకెల్లేకుండా ఖాళీగా వెళ్ళాయి" అన్నాడు, కూర్చోమనకుండానే. "ఒక సీసా రెండు సీసాలు కాదు, ట్రేకు ట్రే. ఆ వీధులన్నిటికీ 'పరీక్ష జరగలేదు' అని జనం చూసే బోర్డు మీద పడింది. మా కుళాయి నీళ్ళు తాగచ్చా లేదా అని జనం నన్ను వాయించేస్తున్నారు."

"నేను చేశానండీ. అన్ని సీసాలూ చేశాను."

"చేస్తే అంకెలేవి?"

"రిజిస్టర్లో ఉన్నాయి. తెచ్చి చూపిస్తాను."

"రిజిస్టరుదేముంది మేడమ్, తర్వాతైనా నింపుకోవచ్చు."

అనేశాక ఆఫీసరుకు కూడా కాస్త ఇబ్బందిగానే అనిపించినట్టుంది, పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. టైపక్కకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఆవిడను నిదానం అన్నారు, మొండి అన్నారు, ఒకసారి అద్దాలు మార్చుకోమన్నారు. చూడని అంకెను రాస్తుందని మాత్రం ఇంతవరకు ఎవరూ అనలేదు.

అతను ఒక కాగితం ముందుకు తోశాడు. నాలుగు లైన్లు. అజాగ్రత్త వల్ల అంకెలు నమోదు చేయకుండా వదిలేశాననీ, ఇకపై అలా జరగదనీ. కింద ఆవిడ సంతకానికి చోటు.

"శుక్రవారం లోపు సంతకం పెట్టి ఇచ్చేయండి. ఫైల్లో పడేస్తాను, అంతటితో సరి. లేదంటే మిమ్మల్ని ఆ బల్ల మీద ఉంచడం నావల్ల కాదు. సీసాలు కడిగే గదికి మార్చమంటారు పైవాళ్ళు."

టైపక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుని వచ్చేసింది. ఎనిమిదో సీసా తీసింది. మందు మూడుకు బదులు నాలుగు చుక్కలు పడింది. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ మొదలుపెట్టింది.

*

మంగళవారం ఆవిడ అరగంట ముందే వచ్చి రిజిస్టరు ముందేసుకుంది. ఖాళీగా వెళ్ళాయన్న పదకొండు ట్రేల పక్కనా పెన్సిలుతో చుక్క పెట్టింది. ఆ నెలలో ఆవిడ చేసినవి అరవై పైచిలుకు. మిగతావన్నీ శుభ్రంగా వెళ్ళాయి. ఈ పదకొండుకే ఏం రోగం వచ్చిందో ఆవిడకు అంతుపట్టలేదు. తేదీలు చూసింది, వేర్వేరు. వీధులు చూసింది, వేర్వేరు. నీళ్ళు తెచ్చిన మనుషులు కూడా వేరే.

రెండుసార్లు మొదట్నించీ చదివాక, మూడోసారి అంకెలు వదిలేసి ఖాళీలు చదివింది. అప్పుడు కనబడింది. పదకొండు ట్రేల్లోనూ ఒక్కో సీసా పగిలిందో, దారిలో మూత వదులై కారిపోయిందో ఉంది. మిగతా ట్రేల్లో ఒక్క సీసా కూడా పోలేదు.

పక్క బల్ల పొడుగమ్మాయి అప్పుడే వచ్చి సంచీ మేకుకు తగిలిస్తోంది.

"నీ ట్రేల్లో పగిలినవి రావా?" అని అడిగింది టైపక్క.

"ఎందుకు రావక్కా, నిన్న కూడా ఒకటి వచ్చింది."

"మరి నీవి ఖాళీగా వెళ్ళలేదే?"

"నాకు దిష్టి పెట్టకక్కా."

"దిష్టి కాదే పిల్లా. పగిలినదాన్ని ఎక్కడ కొడతావు?"

"చివర్లో. అన్నీ అయ్యాక దాని నంబరు వేసి అంకె ఖాళీగా వదిలేస్తాను. ఎవరైనా అంతేగా?"

ఎవరైనా అంతే, ఒక్క టైపక్క తప్ప. ట్రే రాగానే ఆవిడ ముందు ప్రతి సీసా అడుగునా వేలు పెట్టి తడి చూస్తుంది. పోయిన సీసా దొరికితే దాన్నే మొదటి వరసలో వేస్తుంది. నంబరు, వీధి, అంకె దగ్గర ఖాళీ. నీళ్ళు తెచ్చే మనిషి రిజిస్టరు చూడగానే పైనే కనబడాలి, ఆ వీధికి మళ్ళీ వెళ్ళి ఇంకో సీసా పట్టుకురావాలి. చివర్లో వేస్తే మర్చిపోతారు, ఆ ఇంటివాళ్ళు వారం ఎదురుచూడాలి. ఆవిడ ఇలాగే చేస్తుంది, ఎవరు నవ్వినా ఇలాగే చేస్తుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ లేచాక ఆవిడ ఒక ఉత్తుత్తి ట్రే కొట్టింది. పన్నెండు వరసలు, ఖాళీ చివర్లో. మీట నొక్కి, పై ఆఫీసుకు పోయే షీటు తెరిచి చూసింది. పదకొండు అంకెలూ ఉన్నాయి. అవే పన్నెండు వరసలు, ఖాళీని మొదటికి తెచ్చి మళ్ళీ నొక్కింది. షీటంతా ఖాళీ. తన తెర మీద అంకెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, షీటులో ఒక్కటీ లేదు. తప్పు జరిగిందన్న హెచ్చరిక కూడా లేదు, కిమ్మనకుండా మింగేసింది.

ఆవిడకు ముందు కోపం రాలేదు, సంతోషం వేసింది. రెండు షీట్లూ అచ్చు తీసి ఆఫీసరు గదికి వెళ్ళింది.

అతను రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "అయితే తేలికేగా! ఖాళీని చివర్లో వేయండి, గొడవ వదిలిపోతుంది."

"వేస్తానండీ, ఇది బాగయ్యేదాకా. జనానికి అంకెలు అందాలి కదా. మరి ఆ కాగితం?"

"అది అది, ఇది ఇది. పదకొండు ట్రేలు మీ పద్ధతి వల్లే పోయాయని మీరే చెబుతున్నారు."

"నా పద్ధతి వల్ల కాదు. ఖాళీ ఉండచ్చని కంప్యూటరుకు ముందే చెప్పి ఉంది. ఉండచ్చన్నచోట ఉంచాను. మింగింది అది."

"మేడమ్, షీటు తయారుచేసే ఆ సాఫ్ట్‌వేర్ మనకు వచ్చింది పోయిన నెలే గానీ, ప్రపంచమంతా వాడుతోంది. అందరికీ బాగానే ఉండి మీ ఒక్కరికే తప్పు చేస్తుందా?"

టైపక్క షీట్లు తీసుకుని బయటికొచ్చింది. గుమ్మం దగ్గర సీసాలు కడిగేవాడు, అందరూ సీసాలాయన అంటారు, బుట్ట భుజాన వేసుకుని నిలబడ్డాడు. విననట్టు నటించడం అతనికి రాదు.

"ఒక సంతకమేగా టైపక్కా, గీకి పారెయ్" అన్నాడు.

"నువ్వు కడగని సీసా కడిగానని సంతకం పెడతావా?"

"పెట్టను."

"కడిగింది కడగలేదని?"

సీసాలాయన ఆలోచనలో పడ్డాడు. "అదింకా కష్టం" అని బుట్ట సర్దుకుని వెళ్ళిపోయాడు.

*

కోడలు ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చేస్తుంది. అత్తాకోడళ్ళు సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ తమ ఆఫీసర్లను కూడా తరగడం ఆ ఇంట్లో మామూలే. కొడుకు మధ్యలో వచ్చి ఏదో అనబోతే ఇద్దరూ కలిసి బయటికి పంపేస్తారు. ఆ రోజు కోడలు చాకు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, రెండు షీట్లూ తీసుకుంది.

"అత్తయ్యా, ఇది నిజంగా బగ్గే" అంది, లాప్‌టాప్‌లో ఆ సాఫ్ట్‌వేర్ లోపల వెతికి చూశాక. "ఏ గడిలో ఏం వస్తుందో చెప్పే చిన్న ఫైలు ఒకటుంటుంది, స్కీమా అంటారు. మీ అంకెల గడులకి 'అంకె గానీ ఖాళీ గానీ' అని రాసుంది దాంట్లో. ఈ సాఫ్ట్‌వేర్ ఆ రెంటిలో ఏదో తేల్చుకోడానికి మొదటి వరస ఒక్కటే చూస్తోంది. అక్కడ ఖాళీ కనబడితే కింది గడులన్నీ ఖాళీయే అనేసుకుంటోంది."

"అంటే ముందొచ్చిన ఒక్కడు ఆకలి లేదన్నాడని, వెనకున్న పదకొండు మందికీ కంచాలు ఎత్తేసిందన్నమాట."

కోడలు పకపకా నవ్వింది. "అచ్చంగా అంతే. చిన్న తప్పే, సరిచేస్తే రెండు లైన్లు."

"చిన్నదో పెద్దదో. ఎవరికి చెప్పాలి?"

"ఇది ఏ కంపెనీదీ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక చేసుకుని రాసి, అందరికీ ఉచితంగా పెట్టారు. తప్పు కనబడితే వాళ్ళ పేజీలో ఎవరైనా రాయచ్చు."

"ఎవరైనా అంటే?"

"మీరైనా."

టైపక్క కుర్చీ లాక్కుంది. కోడలు కొట్టబోతే వద్దని కీబోర్డు తన వైపు తిప్పుకుంది. ఏం పెట్టాను, ఏం వచ్చింది, ఏం రావాలి. నీళ్ళ రిపోర్టు రాసినట్టే రాసింది. చివర్లో కోడలు వెనక నుంచి వంగి, "'బహుశా సాఫ్ట్‌వేర్ లోపం కావచ్చు' అని వేయండి అత్తయ్యా, మర్యాదగా ఉంటుంది" అంది.

"బహుశా ఎందుకు? నేను రెండుసార్లు చేసి చూశాను. కుళాయి నీళ్ళు బహుశా మంచివే అని రాస్తే నువ్వు తాగుతావా?"

బహుశా లేకుండానే వెళ్ళింది.

గురువారం పొద్దున జవాబు వచ్చింది. కోడలు చదివి ముఖం ముడుచుకుంది. మా దగ్గర సరిగ్గానే పనిచేస్తోంది, మీ నమోదులో పొరపాటేమో చూసుకోండి, అని రెండు ముక్కలు రాసి, ఫిర్యాదును మూసేశారు.

"ఇక్కడ కూడా అదే మాట!" అంది కోడలు. "పోనీండి అత్తయ్యా. మీ కాగితం సంగతి వేరేలా చూద్దాం."

టైపక్కకు కోపం వచ్చింది. అయినా అద్దాలు పెట్టుకుని, వాళ్ళు ఏం పెట్టి చూశారో ఒక్కో వరసా వేలితో చూపించుకుంటూ చదివింది. వేలు మూడో వరస మీద ఆగింది.

"వీళ్ళు నా రిపోర్టు సరిగ్గా చదవలేదు. ఖాళీని మూడో వరసలో పెట్టారు. నేను చెప్పింది మొదటి వరస."

కోపంతో రాస్తే కోపానికే జవాబు వస్తుందని ఆవిడకు తెలుసు. అందుకని మూడే వాక్యాలు రాసింది. మీరు ఖాళీని మూడో వరసలో ఉంచారు. నేను మొదటి వరస అన్నాను. నా ట్రే జతచేశాను, ఇదే పెట్టి చూడండి. రాసి, టిఫిన్ డబ్బా సర్దుకుని పనికి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం నాలుగింటికి ఆఫీసరు ఆ కాగితం అడిగాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ జవాబు ఇంకా రాలేదు. టైపక్క మడతలు విప్పి కాగితాన్ని బల్ల మీద పరిచింది. సంతకం చోటు ఖాళీగానే ఉంది.

"ఆలోచించుకోండక్కా" అన్నాడతను, ఈసారి కాస్త మెత్తగా. "బల్ల పోతుంది."

"పోనివ్వండి. చేసిన పని చేయలేదని రాసిచ్చి ఆ బల్ల దగ్గర ఎలా కూర్చోను?"

అతను ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని, ఆవిడ చూస్తుండగానే బదిలీ ఆర్డరు రాశాడు.

సోమవారం ఆవిడ సీసాలు కడిగే గదిలో ఉంది. సీసాలాయన ఆవిడకు స్టూలు వేసి, తను నిలబడి, చేసేదేమిటో తెలియక నాలుగుసార్లు దగ్గాడు. టైపక్క చేతులు మోచేతుల దాకా మడిచి, బ్రష్షు అడుక్కంటా పోనిచ్చి తిప్పి, మూడుసార్లు జాడించి, వెలుతురుకు ఎత్తి చూసి, బోర్లించింది. చుక్క సబ్బు మిగిలినా మందు రంగు మారిపోతుందని బల్ల మీద పనిచేసిన మనిషికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పది గంటలకే సీసాలాయన తను కడిగిన బుట్టను గుట్టుగా వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ జాడించుకొచ్చాడు. చిన్నతనంగా ఉంటుందనుకుంది గానీ ఆవిడకు అలా లేదు. లోపల నిబ్బరంగా ఉంది, ఆ నిబ్బరం చూసి తనకే ఆశ్చర్యం వేసింది.

పదకొండింటికి ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని సీసాలాయన ఎత్తి ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాడు.

"అత్తయ్యా, ఒప్పుకున్నారు!" కోడలు గొంతు గదంతా వినబడింది. "చదువుతాను వినండి. 'మీ ట్రే పెట్టి చూశాం. మీరన్నది నిజం. మూడేళ్ళుగా ఈ తప్పు ఉంది, మాలో ఎవరం చూడలేదు. మీ రిపోర్టు సరిగా చదవకుండా మీ పొరపాటన్నందుకు క్షమించండి. సరిచేశాం. మీ పన్నెండు వరసల్నీ మా పరీక్షల్లో చేర్చుకుంటున్నాం. ఇకపై ఎక్కడ ఎవరు దీంట్లో ఏ మార్పు చేసినా, మీ ట్రే సరిగ్గా బయటికి వస్తేనే ఆ మార్పు తీసుకుంటాం.' ట్రేకు పేరేం పెట్టమంటారని అడుగుతున్నారు."

టైపక్క కళ్ళు చెమ్మగిల్లాయి, చేతులకు సబ్బు ఉండటంతో తుడుచుకోవడం కుదరలేదు.

"టైపక్క అని పెట్టమను" అంది.

చేతులు కడుక్కుని, ఆ పేజీ అచ్చు తీసుకుని ఆఫీసరు గదికి వెళ్ళింది. పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళడం ఆవిడకు ఇది రెండోసారి. అతను చదివాడు. మొదట్నించీ మళ్ళీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కూర్చోండి" అన్నాడు. ఆవిడ కూర్చుంది. అతను ఫైలు తెరిచి, పాత కాగితం బయటికి లాగి, చింపడానికి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"చింపకండి" అంది టైపక్క.

"అదేంటక్కా, మీ మంచికేగా!"

"చింపేస్తే అక్కడ ఏమీ జరగనట్టుంటుంది. పదకొండు ట్రేలు ఎందుకు ఖాళీ అయ్యాయో రేపు ఎవరైనా అడిగితే? అది అలాగే ఉండనివ్వండి. దాని వెనక ఇది జతచేసి, జరిగిందేమిటో మీరు రాయండి."

అతను పెన్ను తీసి రాశాడు. లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందనీ, సరిచేశారనీ, బదిలీ ఆర్డరు రద్దు చేశాననీ. రాసి ఆవిడ వైపు తిప్పాడు.

"రిజిస్టరు సంగతి కూడా" అంది టైపక్క.

అతను తల ఎత్తలేదు. ఇంకో లైను రాశాడు. రిజిస్టరులోని అంకెలు పరీక్ష జరిగిన వేళకే రాసినవి, నిజమైనవి.

"కింద మీ సంతకం."

సంతకం పెట్టాడు. ఆవిడ తేదీ కూడా వేయించింది. మధ్యాహ్నానికి పదకొండు ట్రేల అంకెలూ రిజిస్టరులోంచి మళ్ళీ ఎక్కి, ఆ వీధులన్నిటి పక్కనా బోర్డు మీద అంకెలు పడ్డాయి.

*

బుధవారం సాయంత్రం కోడలు లాప్‌టాప్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. నవ్వడం లేదు.

"అత్తయ్యా, మీ పేజీ కింద ఎవరో రాశారు. ఆ సాఫ్ట్‌వేర్ మనుషులు కాదు."

టైపక్క అద్దాలు పెట్టుకుంది. పేరు లేదు, ఊరు లేదు. మాది రక్తపరీక్షల ల్యాబు, అని మొదలైంది. 'నాకూ ఇలాగే జరిగింది. అంకెలు కొట్టలేదన్నారు. కొట్టానన్నాను, నమ్మలేదు. అజాగ్రత్త అని రాసిన కాగితం మీద సంతకం చేశాను. రెండేళ్ళయింది. నిజంగానే మర్చిపోయానేమో అనుకున్నాను. అప్పట్నుంచి ప్రతి అంకెనూ రెండుసార్లు చూసుకుంటాను, ఇంటికొచ్చాక కూడా అవే గుర్తొస్తాయి. నిన్న మీరు రాసింది చదివాను. మీ ట్రేలాంటిది మా కంప్యూటర్లో పెట్టి చూశాను. ఖాళీగా వచ్చింది. ఎవరికి చెప్పాలో తెలియక మీకు రాస్తున్నాను.'

పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది. కోడలు వెళ్ళి ఆపి వచ్చింది. అత్తగారు అదే చోట, అదే పేజీ ముందు ఉంది. ఇన్ని రోజులూ తన పని గురించి, తన మాట గురించి పోరాడాననుకుంది. ఎక్కడో తెలియని గదిలో ఇంకో మనిషి రెండేళ్ళుగా తన కళ్ళను తనే నమ్మకుండా బతికిందని ఆవిడకు తట్టలేదు.

"ఏం రాయమంటారు అత్తయ్యా?" అంది కోడలు.

టైపక్క కీబోర్డు తన వైపు తిప్పుకుంది.

'మీరు అంకెలు కొట్టారు' అని రాసింది ముందు. 'మీ తప్పేమీ లేదు. ఆ కాగితం ఇప్పుడు ఎవరి దగ్గరుందో కనుక్కోండి, చింపనివ్వకండి. మీ దగ్గర పాత రిజిస్టరు ఉంటే ఆ రోజుల పేజీలు తీయండి. మొదటి వరస ఖాళీగా ఉన్నవాటి పక్కన చుక్క పెట్టండి. అక్కడ మొదలుపెడదాం.'

పంపి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, జవాబు కోసం కూర్చుంది.